పత్తిగింజ చుట్టూ ఒక బడి

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే తల్లిదండ్రుల మధ్య ‘యూనిట్ స్టడీ’ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. లెక్కలకో పుస్తకం, సైన్సుకో పుస్తకం అని విడగొట్టకుండా, ఒక వస్తువునో సంగతినో తీసుకుని కొన్ని వారాలపాటు దాని చుట్టూనే అన్నీ చదివించడం. తేనెటీగ అంటే తేనెటీగ, నది అంటే నది. ఈ పద్ధతిలో సగం శ్రమ పాఠం మొదలవక ముందే ఉంటుంది. ఏ పుస్తకాలు, ఏ బొమ్మలు, చేతికివ్వాల్సిన వస్తువులేవి, ముందేది, వెనకేది, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి.

ఇది ఇంటర్నెట్ వచ్చాక పుట్టిన ఆలోచనేమీ కాదు. దీని వెనక నూట పాతికేళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్ర చదువుతుంటే ఒక వస్తువు పదేపదే ఎదురవుతుంది: పత్తి. చికాగోలోనూ పత్తే, వార్ధాలోనూ పత్తే. ఆ పోగు పట్టుకుని నడిస్తే, పాఠానికి సామగ్రి ఎవరు పోగుచేశారు, ఏ వరసలో పెట్టారు, ఆ వరసలో ఎవరిని వదిలేశారు అన్నది తెలుస్తుంది. ఇంట్లో బడి పెట్టాలనుకునేవాళ్లకి ఈ మూడో ప్రశ్న ముఖ్యమని నా అభిప్రాయం.

1896 జనవరిలో జాన్ డ్యూయీ చికాగో విశ్వవిద్యాలయంలో ఒక చిన్న ప్రయోగశాల బడి తెరిచాడు. ‘ద స్కూల్ అండ్ సొసైటీ’ పేరుతో 1899లో అచ్చయిన ఉపన్యాసాల్లో అక్కడి ఒక పాఠాన్ని వర్ణించాడు. పిల్లల ముందు అవిసె నార, పత్తికాయలు, గొర్రె ఉన్ని పెట్టారు. తమ పూర్వీకులు నూలుబట్టలకన్నా ఉన్నిబట్టలే ఎందుకు ఎక్కువ వాడారన్నది ప్రశ్న. పిల్లలు అరగంటసేపు గింజల నుంచి దూది ఒలిచారు. వచ్చింది ఒక ఔన్సు కూడా లేదు, అంటే ముప్పై గ్రాముల లోపు! రోజంతా కూర్చున్నా ఒక మనిషి ఒక పౌను మించి తీయలేడంటే వాళ్లు వెంటనే నమ్మారు. తర్వాత పోగుల్ని పోల్చి చూశారు. ఉన్ని పోగు పొడవు, గరుకు, ఒకదాన్నొకటి పట్టుకుంటుంది. పత్తి పోగు పొట్టి, నునుపు, జారిపోతుంది. అక్కణ్ణుంచి ఏకడం, వడకడం, నేయడం ఒక్కొక్కటిగా తమంతట తామే కనిపెట్టుకుంటున్నట్టు నేర్చుకున్నారు. భూగోళం, యంత్రాల భౌతికశాస్త్రం, చరిత్ర ఆ వెనకే వచ్చాయి.

ఇక్కడ సామగ్రి ఎంత తక్కువో చూడండి. మూడు ముడిసరుకులు, ఒక ప్రశ్న. వరస మాత్రం చాలా జాగ్రత్తగా పేర్చినది. ముందు చెయ్యి ఒకచోట ఆగిపోవాలి, ఎందుకు ఆగిందో తెలుసుకోవాలనిపించాలి, అప్పుడు పుస్తకం తెరవాలి. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. పుస్తకమంతా అయ్యాక చివర్న ‘కృత్యం’ అని ఒకటి తగిలిస్తాం.

అయితే ఆ వర్ణనలో ఒక పెద్ద ఖాళీ కూడా ఉంది. చేత్తో గింజ తీయడం కష్టమన్న చోటు నుంచి కథ నేరుగా యంత్రం దగ్గరికి వెళ్తుంది. గింజ తీసే యంత్రానికి ఎలై విట్నీ 1794లో పేటెంటు పొందాడు. దాని తర్వాత అమెరికా దక్షిణాదిన పత్తి సాగు విపరీతంగా పెరిగింది, దాంతోపాటు బానిసల సంఖ్యా పెరిగింది. 1790 జనగణనలో దాదాపు 7 లక్షలమంది బానిసలు, 1860 నాటికి 39 లక్షల పైచిలుకు. యంత్రం గింజ తీసింది కానీ కాయ కోయాల్సింది మనిషే కదా. చికాగో పిల్లలు వాళ్ల చేతుల శ్రమ నుంచి పోగుల గుణం దాకా వెళ్లారు. ఆ పత్తి కోసినవాళ్ల చేతుల దాకా ఆ పాఠం వెళ్లినట్టు డ్యూయీ వర్ణనలో కనపడదు. సామగ్రి ఎంచుకోవడమంటే ఏది చెప్పకుండా ఉండాలో ఎంచుకోవడం కూడా.

డ్యూయీ శిష్యుడు విలియం కిల్పాట్రిక్ 1918లో ‘ద ప్రాజెక్ట్ మెథడ్’ అనే వ్యాసంతో ఈ ఆలోచనకు బాగా ప్రచారం తెచ్చాడు. మనకి అంతకన్నా దగ్గరి కథ 1937లో మొదలవుతుంది.

ఆ ఏడాది అక్టోబరు 22, 23 తేదీల్లో వార్ధాలో గాంధీ అధ్యక్షతన విద్యా సమావేశం జరిగింది. పాఠ్యప్రణాళిక తయారుచెయ్యడానికి ఒక సంఘం వేశారు. దాని అధ్యక్షుడు జాకిర్ హుసేన్, మన హైదరాబాదులో పుట్టినవాడే. డిసెంబరులో నివేదిక వచ్చింది. ఏడేళ్ల నిర్బంధ విద్య, మాతృభాషలో బోధన, అన్నిటికీ నడుమ ఒక చేతివృత్తి. ఆ నివేదికలోని రోజువారీ సమయపట్టిక చూస్తే విషయం అర్థమవుతుంది. మొత్తం 5 గంటల 30 నిమిషాలలో చేతివృత్తికే 3 గంటల 20 నిమిషాలు. మాతృభాషకు 40 నిమిషాలు, సంగీతం, చిత్రలేఖనం, లెక్కలు కలిపి 40. సాంఘిక, సామాన్య శాస్త్రాలు రెంటికీ కలిపి 30.

వృత్తి అంటే ముఖ్యంగా వడకడం, నేయడం. తకిలీ మీద తీసిన నూలు పొడవు కొలిస్తే లెక్కలు, పత్తి ఏ నేలలో పండుతుందంటే భూగోళం, బట్టల వ్యాపారం ఎలా కూలిందంటే చరిత్ర. పైకి చూస్తే చికాగో పాఠమే. కానీ ఒక తేడా ఉంది. పిల్లలు చేసిన సరుకుతో బడి ఖర్చు గడవాలన్నది గాంధీ ఆశ. చికాగోలో అరగంటకి ఔన్సు కూడా రాకపోవడమే పాఠం. వార్ధా లెక్కలో అదే నష్టం. ఒకే దూది, ఒకే చిన్న చేతులు, కానీ అక్కడ తక్కువ రావడం ప్రశ్న పుట్టిస్తే ఇక్కడ తక్కువ వస్తే బడి నడవదు. సమావేశంలోనే కె. టి. షా ఈ స్వయంపోషకత్వాన్ని గట్టిగా వ్యతిరేకించాడు, పిల్లల సరుకు పేద చేతివృత్తులవాళ్లకి పోటీ అవుతుందని. విద్య మరుగునపడి ఆర్థికం పైకి రాకూడదని జాకిర్ హుసేన్ సంఘమూ హెచ్చరించింది.

ఇక మూడో మజిలీ మద్రాసు. 1953లో రాజాజీ ప్రభుత్వం గ్రామాల ప్రాథమిక పాఠశాలలకు ఒక కొత్త పథకం తెచ్చింది. బడి రోజుకు మూడు గంటలే. మిగతా సమయం పిల్లలు ఇంటిపట్టున ఉండి తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. ఉన్న డబ్బుతోనే రెండు పూటలు బడి నడిపి ఎక్కువమందికి చదువు చెప్పొచ్చని ప్రభుత్వం వాదన. ఆ విద్యాసంవత్సరం మొదలయ్యేనాటికి మన ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. ద్రవిడ ఉద్యమం దీనికి ‘కులకల్వి’ అని పేరు పెట్టింది, అంటే కులవిద్య. సాలె ఇంటి పిల్లవాడు మగ్గం దగ్గరికి, చాకలి ఇంటి పిల్లవాడు రేవు దగ్గరికి. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక దాన్ని ఎత్తేశాడు.

ఈ కథను ఇంట్లో చదువు గురించి మాట్లాడేవాళ్లు తెలుసుకోవాలి. జాన్ హోల్ట్ 1977లో ‘గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్’ పత్రిక మొదలుపెట్టినప్పుడు అమెరికాలో ఇల్లు అంటే బడి నుంచి విముక్తి. మన దగ్గర చాలామందికి బడే ఇంటి నుంచి విముక్తి. మా తరం ఇంజనీర్లలో ఎంతమంది తాతలు బడి గుమ్మం ఎక్కడం కోసం కొట్లాడారో లెక్కపెడితే తెలుస్తుంది. మగ్గం దగ్గర పుట్టిన పిల్లలకి మగ్గం ‘యూనిట్ స్టడీ’ కాదు, తప్పించుకోవాల్సిన గుంట. అపార్టుమెంటులో పుట్టిన పిల్లలకే అది ఆసక్తికరమైన విషయం. ఇంట్లో చదివించడం తప్పని నేననట్లేదు. ఆ వెసులుబాటు ఎవరికి ఉందో, ఎందుకుందో కూడా పాఠంలో ఒక భాగం కావాలంటున్నాను.

అయితే తెలుగింట్లో పత్తి పాఠానికి సామగ్రి ఎలా పేర్చాలి? సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి కాబట్టి ఫోల్డర్లు కట్టడం నాకు అలవాటే. చాలామంది కట్టే ఫోల్డర్లు సైన్సు, లెక్కలు, చరిత్ర, భాష. అలా కడితే మళ్లీ పాత బడే తయారవుతుంది. నేనైతే మూడు మూటలు కడతాను: గింజ, చెయ్యి, ధర.

గింజ మూటలో ఒలవని పత్తికాయలు, నల్లరేగడి నేలల పటం, 2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి గురించి నాలుగు పేజీలు. చెయ్యి మూటలో ఒక తకిలీ, పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసే పద్ధతి, ఇంకా మాటలు. ఏకు, కదురు, కండె, ఆసు, నాడె, పడుగు, పేక: వీటిని పిల్లలు బట్టీ పట్టక్కర్లేదు, తకిలీ తిప్పుతుంటే అవే వస్తాయి. ‘ఆసులో కండెలా తిరగడం’ అంటే ఏంటో మగ్గం పని ఒకసారి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేదు. దూదేకుల సిద్ధయ్య పేరులో ఒక వృత్తి ఉందని అప్పుడే తడుతుంది.

ధర మూట కష్టమైనది, అందుకే ఎక్కువమంది కట్టరు. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1860లలో మన పత్తి ధర పెరిగి, యుద్ధం ముగియగానే పడిపోవడం, 1997-98లో వరంగల్ ప్రాంతంలో పంట పోయి పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకోవడం, ఎండలో కాయ కోసే ఆడవాళ్ల కూలి. పాత జిల్లా గెజిటీర్లు స్కాన్ చేసినవి దొరుకుతాయి, పాత పత్రికలూ దొరుకుతాయి. ఎనిమిదేళ్ల పిల్లలకి అన్నీ చెప్పలేం. కానీ మూట కట్టి ఉంచాలి, అడిగిన రోజున విప్పడానికి.

ఇవాళ కొరత సామగ్రిది కాదు. ఒక్క సాయంత్రంలో నెలకి సరిపడా వీడియోలు, పీడీఎఫ్‌లు దించుకోవచ్చు. వాటిని తెరిచే ముందు పిల్లల చేతికి నాలుగు పత్తికాయలిచ్చి ఒక అరగంట ఒలవనివ్వండి. వచ్చిన దూదిని వంటింటి కాటాలో తూచండి. ఇదే పని రోజంతా చేసేవాళ్లకి ఎంత ఇస్తారని వాళ్లు అడిగితే, ఏ మూట ముందు విప్పాలో అప్పుడు తెలుస్తుంది.