మోటుపల్లి అభయశాసనం

బ్లాక్ హాక్ యుద్ధభయంతో 1832లో మన నేపర్‌విల్‌లో ఫోర్ట్ పేన్ అనే కర్రకోట కట్టారు. దాని నమూనాను నేపర్ సెటిల్‌మెంట్‌లో నేటికీ చూడవచ్చు. ఇప్పుడు ఈ ఊరిని నిలుపుతున్నవి గోడలు కావు. ఉద్యోగాలు, గ్రంథాలయాలు, నదీతీరపు బాట. పరుల రాకలోనే ఊరికి బలమున్నదని కాకతీయ గణపతిదేవుడు అంతకు చాలా పూర్వమే గ్రహించాడు.

తుఫానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సొత్తును పూర్వరాజులు బలాత్కారంగా హరించేవారు. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో శాసనం వేయించి, ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకులపై దయతో, నిర్ణీత సుంకం తప్ప తక్కినదంతా విడిచిపెట్టాడు. గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, ఇలా దేని సుంకం దానికి చెక్కించాడు. కూలి ఒప్పందాలపై ఓడలెక్కినవారి సంతతి అయిన మాకు ఆ లెక్కలకంటే ‘దయ’ అన్న మాటే పెద్దదిగా కనిపిస్తుంది.

కాకతీయ రాజ్యం 1323లో కూలింది. రెడ్డిరాజు అనవోతారెడ్డి 1358లో అదే రేవులో వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు.