తోలు పదును, పై మెరుగు

పచ్చి చర్మము తడిసిన కుళ్లును, ఎండిన బిరుసెక్కును. అందలి కొల్లాజెన్ అను మాంసకృత్తు పోగులను ఒకదానితో నొకటి బంధించినచో అది తోలగును. ఈ పనినే చర్మశుద్ధి లేక పదును చేయుట యందురు.

మన గ్రామములలో చర్మకారులు లందలలో, అనగా నానవేయు తొట్లలో, తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయల రసముతో తోళ్లను పదును చేసిరి. వీనిలోని టానిన్ అను వగరు పదార్థమే ఆ బంధమును కల్పించును. అంటరానితనమును భరించుచు వారు నిలిపిన విద్య యిది. తంగేడు చెక్కతో పదును చేసిన మద్రాసు తోళ్లు 19వ శతాబ్దములో ఇంగ్లండుకు విరివిగా ఎగుమతి అయ్యెను.

1884లో అమెరికాలో అగస్టస్ షుల్జ్ క్రోమియం లవణములతో పదును చేయు పద్ధతికి పేటెంటు పొందెను. వారముల పని కొలది దినములకు తగ్గెను. టానిన్ తోలు సుమారు 70-85 డిగ్రీల సెంటిగ్రేడు వేడినీటిలో ముడుచుకొనును. మంచి క్రోమ్ తోలు మరుగు నీటికిని ఓర్చును. ఉపాధ్యాయులు చిన్న తునకలతో దీనిని తరగతిలో చూపవచ్చును. 1903లో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో ఈ పద్ధతిని ప్రయోగించెను. రైతుల కపిల బావులకు నీటిలో మన్ను తోలు బానలను సమకూర్చుట ఆయన ఉద్దేశములలో నొకటి.

పదును ముగిసిన పిమ్మటనే మెరుగు. సహజమైన పైపొరను అట్లే యుంచి పలుచని రంగు వేసినచో వెంట్రుకల రంధ్రములు కనబడుచుండును. ఇది మేలు రకము. మచ్చలున్న పైపొరను రాచి, దట్టముగా రంగు పూసి, అచ్చు నొక్కినచో లోపములు మరుగుపడును. లోపలి పక్కను నూగు లేచునట్లు రాచినది స్వెడ్. దళసరి పూతతో అద్దమువలె మెరయునది పేటెంటు తోలు.

ఈ మెరుగుల వెనుక తొట్లలో మిగిలిన నీరు కలదు. తమిళనాట వేలూరు ప్రాంతమున తోళ్ల కర్మాగారముల మురుగు పాలారు నదిని, బావులను, పొలములను చెరచెను. కలుషితము చేసినవారే నష్టమును పూడ్చవలెనని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 1948లో మద్రాసులో వెలసిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థ మురుగునుండి క్రోమియంను వెలికితీసి తిరిగి వాడు పద్ధతులను రూపొందించినది. తోలు ధరలో ఆ నీటిని శుద్ధిచేయు వ్యయమును చేరిననే అది న్యాయమైన ధర యగును.