విలియం బ్రేన్, ఆర్కిటిక్ పతకం

విలియం బ్రేన్ (మరణం: 1846 ఏప్రిల్ 3) బ్రిటన్ రాయల్ మెరైన్ దళంలో సాధారణ సిపాయి. సర్ జాన్ ఫ్రాంక్లిన్ నాయకత్వంలో 1845లో ఉత్తర ధ్రువ సముద్రానికి బయలుదేరిన రెండు నౌకల్లో ఒకటైన ఎరెబస్‌లో పనిచేశాడు. అట్లాంటిక్ నుంచి కెనడా ఉత్తరాన ఉన్న దీవుల మధ్యగా పసిఫిక్ చేరే దారి కనిపెట్టడం ఆ యాత్ర ఉద్దేశం. వెళ్లిన 129 మందిలో ఒక్కరూ తిరిగి రాలేదు.

ఎరెబస్‌లో మెరైన్ల జట్టు చిన్నది: ఒక సార్జెంట్, ఒక కార్పొరల్, ఐదుగురు సిపాయిలు. రెండో నౌక టెర్రర్‌లోనూ ఇలాంటి చిన్న జట్టే ఉంది. ఓడలో క్రమశిక్షణ కాపాడటం, కాపలా కాయడం వీరి విధులు. ధ్రువ యాత్రల్లో వేటాడటం, మంచు మీద సామాను బళ్లు లాగడం కూడా వీరి మీద పడేవి. యాత్రల చరిత్రలు సాధారణంగా కెప్టెన్ల పేర్లతో నడుస్తాయి గనుక ఇలాంటివారి గురించి మిగిలిన ఆధారాలు తక్కువ. బ్రేన్ విషయంలో ముఖ్యమైన ఆధారం అతని సమాధే.

మొదటి చలికాలం ఆ నౌకలు ఆ ఉత్తర దీవుల్లో ఒకటైన బీచీ దీవి పక్కన మంచులో చిక్కుకుని గడిపాయి. జనవరిలో జాన్ టొరింగ్టన్, జాన్ హార్ట్‌నెల్ అనే నావికులు చనిపోయారు. ఏప్రిల్‌లో బ్రేన్ చనిపోయాడు. 1850 ఆగస్టులో ఫ్రాంక్లిన్‌ను వెతుకుతూ వచ్చిన నౌకల వారికి ఈ మూడు సమాధులు కనిపించాయి. బ్రేన్ తలవైపు పాతిన పలక మీద వయసు 32 అని ఉంది. శవపేటిక మీది లోహపు రేకు మాత్రం 33 అంటుంది, అతని కంపెనీ సంఖ్య 8 అని కూడా చెబుతుంది.

1986లో అల్బెర్టా విశ్వవిద్యాలయ మానవశాస్త్రజ్ఞుడు ఓవెన్ బీటీ బృందం ఆ పేటికను తెరిచింది. గడ్డకట్టిన నేల దేహాన్ని చెడకుండా కాపాడింది. ముఖం మీద ఎర్రని రుమాలు కప్పి ఉంది. మనిషి చిక్కి శల్యమైపోయాడు; బరువు 40 కిలోలు కూడా లేదు. దేహం మీద ఎలుకలు కొరికిన గుర్తులున్నాయి, ఒక చెయ్యి ఒంటి కింద ఇరుక్కుని ఉంది, లోపలి చొక్కా వెనుకది ముందుకు తొడిగి ఉంది. పాతిపెట్టే ముందు శవం కొన్నాళ్లు ఓడలో ఉందనీ, పేటికలో తొందరగా సర్దారనీ పరిశోధకులు భావించారు. క్షయ, న్యుమోనియా ఆనవాళ్లు కనిపించాయి. శరీరంలో సీసం కూడా ఎక్కువగా ఉంది. డబ్బాల ఆహారం నుంచి చేరిన సీసమే యాత్రను దెబ్బతీసిందని బీటీ వాదించాడు. తర్వాతి పరిశోధకులు కొందరు దీన్ని ఒప్పుకోలేదు. ఒక్క సీసంతో 129 మంది చావును వివరించలేమన్నది న్యాయమైన అభ్యంతరమే.

బ్రేన్ లాంటివారి సేవకు గుర్తింపుగా బ్రిటన్ 1857లో ఆర్కిటిక్ పతకాన్ని నెలకొల్పింది. 1818 నుంచి 1855 దాకా ఉత్తర ధ్రువ యాత్రల్లో పనిచేసిన వారందరూ దానికి అర్హులు. ఫ్రాంక్లిన్‌ను వెతకడానికి వచ్చిన అమెరికన్లు, ఫ్రెంచివారు కూడా ఇందులో ఉన్నారు. చనిపోయిన వారి తరఫున బంధువులకు ఇచ్చారు. ఎల్. సి. వయన్ రూపొందించిన ఈ వెండి పతకానికి ఎనిమిది పలకలు, పైన నక్షత్రం, తెల్ల రిబ్బన్. ఒక వైపు విక్టోరియా రాణి, మరో వైపు మంచులో ఓడ, దాని ముందు బండి లాగుతున్న మనుషులు. అధికారికి, సిపాయికి తేడా లేకుండా అందరికీ ఒకే పతకం ఇవ్వడం మెచ్చదగిన సంగతి. అయితే దాని మీద పేరు చెక్కకుండానే ఇచ్చారు. కావలసినవారు తమ ఖర్చుతో చెక్కించుకున్నారు.

జార్జ్ నేర్స్ నాయకత్వంలో 1875-76లో సాగిన బ్రిటిష్ ఉత్తర ధ్రువ యాత్రకు ఇచ్చిన రెండో పతకంతో ఈ లోటు తీరింది. గుండ్రని ఆ పతకం అంచు మీద గ్రహీత పేరు ఉంటుంది. ఆ యాత్రలో మార్కమ్ అనే అధికారి నడిపిన దళం 1876 మే 12న 83 డిగ్రీల 20 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరింది. అప్పటికి మనిషి చేరిన అత్యంత ఉత్తర స్థానం అదే. తిరుగుదారిలో స్కర్వీ వ్యాధితో మెరైన్ ఫిరంగిదళ సిపాయి జార్జ్ పోర్టర్ జూన్ 8న చనిపోయాడు; అతన్ని మంచులోనే పాతిపెట్టారు. 1904లో వచ్చిన పోలార్ మెడల్ మళ్లీ ఎనిమిది పలకల ఆకారాన్నీ, తెల్ల రిబ్బన్‌నూ తీసుకుంది.