భూవినియోగ ప్రణాళికలు – చిలమత్తూరు సీమ

కొలుచుట వేఱు, విధించుట వేఱు. ఉన్న పొలమును మెట్టయనియు మాగాణియనియు వ్రాసిపెట్టు లెక్క వర్తమానార్థకమగు లట్టువంటిది. ఈ నేల యిట్లే యుండవలయునని శాసించు ప్రణాళిక విధిలిఙ్ఙు వంటిది. ఈ భేదమును గమనింపనివారు గ్రామపటమునే ప్రణాళికగాఁ దలఁచి పొరపడుచున్నారు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల చరిత్రమునం దీ రెండును వేర్వేఱుగాఁ గానవచ్చును.

వాస్తుశబ్దము నివాసార్థకమగు వసధాతువునుండి పుట్టినది. మానసారము దండకము, సర్వతోభద్రము, నంద్యావర్తము మున్నగు నెనిమిది గ్రామవిన్యాసములను జెప్పినది. ఇవి వీథుల యాకృతినిబట్టిన విభాగములు. కౌటిల్యుని దృష్టి వేఱు. ఆతఁడు దుర్గమునకుఁ దూర్పుపడమరలుగా మూఁడు, దక్షిణోత్తరములుగా మూఁడు రాజమార్గములను విధించి యూరకుండక, భూమిచ్ఛిద్రవిధానమను ప్రకరణమున దున్నుటకుఁ గొఱగాని నేలకును బ్రయోజనమును నిర్ణయించెను. పసులబీడు, తపోవనము, మృగవనము, ద్రవ్యవనము, హస్తివనము ననునవి యట్టివి. భూవినియోగ ప్రణాళికకు మూల మిచ్చటనే యున్నది. మన లెక్కలలోని పోరంబోకు శబ్దమునకుఁ బనికిమాలిన నేలయని యర్థము చెప్పువా రీ ప్రకరణమును జదువవలసినది.

ఈ సీమలో శాసనాధారముగల ప్రాచీనయోజనలలో నొకటి నీటిని గూర్చినది. రెండవ హరిహరరాయల కుమారుఁడై పెనుకొండ నేలుచుండిన బుక్కరాయఁడు 1388లో నచ్చటికి నీరు దెచ్చునట్లు జలసూత్రప్రవీణుఁడగు సింగయభట్టు నాజ్ఞాపించెను. ఆతఁడు హెన్నేటినుండి, అనఁగాఁ బెన్ననుండి, సిరువెర చెఱువునకుఁ గాలువ త్రవ్వించి దానికిఁ బ్రతాపబుక్కరాయ మండలకాలువయని పేరిడెను. ఈ విషయమును దెలుపు శాసనము నేటి కర్ణాటకములోని గౌరీబిదనూరు సీమలోనిది. 1565లో జరిగిన తల్లికోట యుద్ధమునకుఁ దరువాతఁ దిరుమలరాయఁడు రాజధానిని బెనుకొండకుఁ దెచ్చెను. రాజధానికంటె నూటడెబ్బదియేండ్లకు పైగా ముందు నీరు వచ్చినదన్నమాట.

1800లో దత్తమండలములు కుంపిణీవశమయ్యెను. 1807 వఱకు వానికిఁ బ్రధాన కలెక్టరుగా నుండిన మన్రో పొలములఁ గొలిపించి పన్ను గట్టించెను. ఇది లట్టే గాని లిఙ్ఙు గాదు. విధి 1920లో వచ్చినది. ఆ యేఁటి చెన్నపురి రాజధాని పట్టణయోజనా శాసనము రెండు పథకములను జెప్పెను: ఊరంతటికి సామాన్యపథకము, అందొక భాగమున వీథులను, స్థలములను, కట్టడముల మేరలను నిర్ణయించు వివరపథకము. ఆంధ్రప్రదేశమున 1975 నాఁటి నగరాభివృద్ధి శాసనము బృహత్ప్రణాళికను, దాని కంగమగు విభాగప్రణాళికను విధించి, నిర్ణీతమైన వినియోగమును మార్చుటకును దారి విడిచినది. బృహత్ప్రణాళిక యుత్సర్గము, ఈ మార్పు అపవాదము. అపవాదము వ్యాపించినకొలఁది నుత్సర్గమునకు విషయము తగ్గునని వైయాకరణులకుఁ జెప్పఁబనిలేదు. 1992 నాఁటి డెబ్బదినాల్గవ రాజ్యాంగసవరణము జిల్లాప్రణాళికా సంఘమును గల్పించి, పల్లెలకును బట్టణములకును నడుమ నీటిపంపకమును గూడ నది విచారింపవలెనని చెప్పినది. సింగయభట్టు నాఁటి ప్రశ్నయే యిట్లు మరల వచ్చినది.

చిలమత్తూ రీ ప్రశ్న కెదురుగా నున్నది. హైదరాబాదునుండి బెంగుళూరునకుఁ బోవు 44వ జాతీయమార్గము ఈ మండలములోని కొడికొండ మీఁదుగాఁ బోవుచున్నది. ఆ త్రోవయందే పెనుకొండచెంత నెఱ్ఱమంచిలో 2019లో మోటారుకార్ల కర్మాగారము పని మొదలిడెను. త్రోవ ప్రక్కనేలకు వెల హెచ్చును. వెల హెచ్చిన నేలకు మాగాణియను పేరు బరువగును. ఈ మండలములోనే వీరాపురమున్నది. ఏటేట రంగురెక్కల కొంగ లచ్చటికి వచ్చి యూరి చెట్లపై గూళ్లు గట్టి పిల్లలఁ బెంచును. జనులు వానిని సైబీరియాపక్షులందురు గాని యవి మన దేశపువే. ఊరివారు గూళ్లున్న చెట్లను గొట్టరు. లెక్కలలోఁ జెట్టొకచోటను జెఱువొకచోటను వ్రాయఁబడును. కొంగకుఁ జెట్టు గూటికి, చెఱువు మేఁతకు. వీరాపురమునకుఁ గావలసినది వీథుల కొలతలుగల వివరపథకము గాదు. గూళ్ల చెట్లను, మేఁత చెఱువులను, వానికి నీరు దెచ్చు వాఁగులను నొక్కటిగాఁ జూపి, మార్పరాదని విధించు భూవినియోగ ప్రణాళిక.