స్మార్ట్ గ్యాస్ మీటరు బ్యాటరీ

స్మార్ట్ గ్యాస్ మీటరు బ్యాటరీ అంటే ఇళ్లలో పైపుల గ్యాస్ వాడకాన్ని లెక్కించి, ఆ లెక్కను రేడియో తరంగాల ద్వారా పంపే మీటరును నడిపే బ్యాటరీ. సాధారణంగా ఇది రీఛార్జి చేయడానికి వీల్లేని లిథియం బ్యాటరీ. 10 నుంచి 20 ఏళ్లు పనిచేసేలా దీన్ని రూపొందిస్తారు.

నేపథ్యం

పాత మీటర్లకు విద్యుత్తుతో పనే లేదు. 19వ శతాబ్దిలో బ్రిటన్‌లో వాడుకలోకి వచ్చిన పొడి మీటరులో గ్యాస్ పీడనమే తోలు తిత్తులను నింపుతూ, ఖాళీ చేస్తూ అంకెల చక్రాలను తిప్పేది. 1980లలో జపాన్‌లో వచ్చిన మైక్రోకంప్యూటర్ మీటర్లు భూకంపాన్ని గానీ, అసాధారణ ప్రవాహాన్ని గానీ పసిగట్టి వాల్వును మూసేవి. కరెంటు పోయినా ఈ రక్షణ ఆగకూడదు. పైగా గ్యాస్ ఉన్నచోట కరెంటు తీగలతో నిప్పురవ్వల ప్రమాదం ఉంటుంది. అందుకే బ్యాటరీ తప్పనిసరైంది. అక్కడ ఇళ్ల మీటర్లను 10 ఏళ్లకోసారి మార్చాలి కాబట్టి బ్యాటరీ కూడా అంతకాలం నిలవాల్సి వచ్చింది.

రసాయనం

స్మార్ట్ మీటర్లలో ఎక్కువగా కనిపించేది 3.6 వోల్టుల లిథియం థయోనిల్ క్లోరైడ్ బ్యాటరీ. 1973లో అమెరికాలోని జీటీఈ ప్రయోగశాలలో ఆడమ్ హెల్లర్ దీన్ని రూపొందించారు. లిథియంపై ఏర్పడే లిథియం క్లోరైడ్ పల్చటి పొర వల్ల వాడకుండా ఉన్నప్పుడు తరిగిపోయే శక్తి ఏడాదికి సుమారు 1 శాతమే. అయితే ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగితే అదే పొర అడ్డుపడి వోల్టేజి క్షణకాలం పడిపోతుంది. రేడియోకు, వాల్వుకు కావలసిన ఆ కరెంటును అందించడానికి చాలా మీటర్లలో పక్కనే కెపాసిటర్‌ను అమరుస్తారు.

వాడకం, ఆయుష్షు

పెద్ద టార్చిలైటు బ్యాటరీ సైజులో ఉండే ఈ బ్యాటరీ సామర్థ్యం సుమారు 19 ఆంపియర్-గంటలు. అది 15 ఏళ్లు రావాలంటే మీటరు సగటున 145 మైక్రోఆంపియర్లకు మించి వాడకూడదు. కాబట్టి మీటరు రేడియో ఎక్కువసేపు నిద్రాణంగానే ఉంటుంది. బ్రిటన్‌లో అది అరగంటకోసారి మేల్కొని, కరెంటు మీటరు దగ్గరుండే కమ్యూనికేషన్ హబ్‌కు రీడింగును అందిస్తుంది. దూరప్రసారం భారమంతా హబ్‌దే. ఫ్రాన్స్‌లో జీఆర్‌డీఎఫ్ సంస్థ 2016లో అమర్చడం మొదలుపెట్టిన సుమారు 1.1 కోట్ల గాజ్‌పార్ మీటర్లకు ఆ వెసులుబాటు లేదు. అవి 169 మెగాహెర్ట్జ్ తరంగాలపై నేరుగా ప్రసారం చేస్తాయి. రోజుకు రెండుసార్లే పంపడం వల్ల వాటి బ్యాటరీకి 20 ఏళ్ల ఆయుష్షును లక్ష్యంగా పెట్టుకోగలిగారు.

సిగ్నల్ బలహీనమై సందేశాన్ని మళ్లీమళ్లీ పంపాల్సివచ్చినా, సాఫ్ట్‌వేర్‌ను తరచూ మార్చినా, వాల్వును పదేపదే కదిపినా ఆయుష్షు తగ్గుతుంది. తిత్తులు లేని అల్ట్రాసోనిక్ మీటర్లలో గ్యాస్‌ను కొలవడానికీ బ్యాటరీయే ఆధారం.