ఆకలి లేని తిండి

దిగులు పడినవారికి అన్నము సయింపదని మన పెద్దలు చెప్పుదురు. చాలమంది విషయములో అది నిజమే. కాని దిగులు కలిగినప్పుడే వంటింటి వైపు నడచువారును, ఇంటిల్లిపాదియు నిదురించిన పిమ్మట చాటుగా డబ్బాల మూతలు తీయువారును ప్రతి దేశమునందును కలరు. వీరు ఆకలితో నిమిత్తము లేకుండ, కడుపు నొచ్చువరకు తిని, ఆపై సిగ్గుతో కుమిలిపోవుదురు. లోకము వీరిని తిండిపోతులని ఒక్క మాటతో తీసివేసినది. వైద్యులును చాలకాలము అంతకంటె ఎక్కువ ఆలోచింపలేదు. వీరి బాధ వ్యాధిగా గుర్తింపబడి, దానికి తగిన మానసిక చికిత్స ఏర్పడుటకు ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమంతయు పట్టినది.

1930 దశకము చివర న్యూయార్కు నగరమున హిల్డె బ్రూక్ అను వైద్యురాలు స్థూలకాయులైన పిల్లలను పరీక్షించుచుండెను. ఆమె జర్మనీ దేశమున జన్మించి అమెరికాకు వలస వచ్చిన యూదు వనిత. అట్టి పిల్లలకు గ్రంథుల లోపమే కారణమని అప్పటి వైద్యుల నమ్మకము. ఆమెకు చాలమందిలో అట్టి లోపము కనబడలేదు. అప్పు డామె దృష్టి ఆ పిల్లల ఇండ్లవైపు మరలినది. ప్రేమకు బదులుగా తిండి పెట్టు ఇండ్లు కలవనియు, తన ఆకలిని తానే గుర్తింపనేరని బిడ్డ ప్రతి కలతకును తిండినే వెదకుననియు ఆమె క్రమముగా ప్రతిపాదించెను. ఈ సిద్ధాంతములో తల్లులపై పడిన నింద కొంత ఎక్కువయే అని నా అభిప్రాయము. అయినను తిండికి మనస్సుతో సంబంధము కలదను మాట వైద్యశాస్త్రమున నాటుకొన్నది.

1955లో రాత్రివేళ తిను అలవాటును ఒక రుగ్మతగా వర్ణించిన ఆల్బర్ట్ స్టంకార్డ్, 1959లో అదుపు తప్పిన తిండిని గూర్చి మరియొక వ్యాసము ప్రకటించెను. కొద్ది సమయములో అపారముగా తినుట, పిదప తన్ను తాను నిందించుకొనుట ఆయన వర్ణించిన లక్షణములు. దీనికి ఆయన వాడిన ‘బింజ్’ అను ఇంగ్లీషు మాట అంతకుముందు తాగుబోతుల విషయమున వాడుకలో నుండినదే.

అయితే ఈ అదుపు ఏల తప్పును? దీనికి సమాధానపు తొలి జాడ వేరొక చోట దొరికినది. 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రవేత్త 36 మంది యువకులపై ఒక ప్రయోగము ప్రారంభించెను. వారందరును యుద్ధమున ఆయుధము పట్టుటకు అంగీకరింపక, స్వచ్ఛందముగా వచ్చినవారు. యుద్ధముచే క్షామము పాలైన ప్రజలకు తిరిగి ఎట్లు అన్నము పెట్టవలెనో తెలిసికొనుట దాని ఉద్దేశము. ఆరు మాసములు అర్ధాకలితో ఉంచగా వారి బరువులో దాదాపు నాలుగవవంతు తగ్గినది. వారు వంటల పుస్తకములు పోగుచేసిరి. వారికి తిండిని గూర్చి తప్ప వేరు ధ్యాస లేకపోయెను. తిండి తిరిగి లభించిన పిమ్మట కొందరు కడుపు పట్టనంత తినియు ఇంకను ఆకలి యనిరి. ఆరోగ్యవంతులైన యువకులకే ఇట్లయినది! 1950లో వెలువడిన రెండు సంపుటముల గ్రంథమున ఇదంతయు కలదు గాని, బరువు తగ్గుటకై పస్తులుండువారికి ఇది వర్తించునని గ్రహించుట చాల ఆలస్యమైనది.

1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనువారు చేసిన పరీక్ష ఇంకను విచిత్రమైనది. విద్యార్థినులలో కొందరికి ఏమియు ఇయ్యక, కొందరికి ఒకటి, కొందరికి రెండు గ్లాసుల మిల్క్‌షేక్ ఇచ్చి, పిమ్మట ఐస్‌క్రీము రుచి చూచి చెప్పుమనిరి. తిండిని గూర్చి పట్టింపులేని బాలికలు పాలు త్రాగిన మేరకు ఐస్‌క్రీము తక్కువ తినిరి. నిత్యము నోరు కట్టుకొనువారు మాత్రము పాలు త్రాగిన పిమ్మటనే ఎక్కువ తినిరి. వ్రతము చెడినను ఫలము దక్కవలెనను మన సామెత ఇక్కడ తలక్రిందులైనది. వ్రతము ఎట్లును చెడినది గదా, ఇక హద్దెందుకని వారి మనస్సు తలచినది.

1979లో లండనులో జెరాల్డ్ రసెల్ 30 మంది రోగులను వర్ణించుచు, విపరీతముగా తిని వాంతిచేసికొను వ్యాధికి బులీమియా నెర్వోజా అని పేరిడెను. 1981లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ దానికి ఒక చికిత్స ప్రకటించెను. ఆయన పిదప ఆక్స్‌ఫర్డ్‌లో దీనిని పెంపొందించెను. అందులో మందు లేదు, మందలింపు లేదు. రోగి ఒక కాగితముపై తాను ఏమి తినినది, ఏ వేళ, ఎక్కడ, అప్పుడు మనస్సున ఏమి యున్నది, అప్పటికప్పుడే వ్రాసికొనవలెను. ఆకలి యున్నను లేకున్నను వేళకు మూడు పూటలు భోజనము, నడుమ చిరుతిండి తీసికొనవలెను. మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా నుండరాదు. వారమున కొక్కసారియే తూచుకొనవలెను. అతిగా తినువానికి వేళకు తినుమని చెప్పుట పరిహాసమువలె తోచును. కాని పస్తే అతిభోజనమునకు మూలమని తెలిసినవారికి ఇది సహజమే.

వాంతి లేక కేవలము అదుపు తప్పి తినువారి వ్యాధి 1994లో అమెరికా మనోవైద్య గ్రంథపు అనుబంధమున చేరి, 2013లో పూర్తి స్థానము పొందినది. వీరికై డెనీస్ విల్‌ఫ్లీ బృందము 162 మందిపై చేసిన పరిశోధన 2002లో వెలువడినది. ఒక వర్గమునకు పై చికిత్సను, వేరొక వర్గమునకు తిండి మాట తక్కువగాను, బంధువులతో తగవులు, వియోగము, ఒంటరితనము అనువానిని గూర్చి ఎక్కువగాను మాట్లాడు చికిత్సను 20 వారములు ఇచ్చిరి. ఫలితములు దాదాపు సమానముగనే యుండెను. ఏడాది తరువాతను పదిమందిలో సుమారు ఆరుగురు అదుపు తప్పిన తిండి మానియుండిరి. నాకు ఈ రెండవ వర్గపు ఫలితమే ఎక్కువ ఆశ్చర్యము గొలుపును. వంటింటి బాధకు మూలము ఆ గదిలోనే యుండనవసరము లేదు గదా.

2010లో 205 మందిపై జరిగిన మరియొక పరిశోధనలో, ఒక పుస్తకమును చేతికిచ్చి కొద్దిపాటి భేటీలతో నడపిన చికిత్స కూడ, రెండేండ్ల తరువాత, బరువు తగ్గించు పథకముకంటె మేలుగా నిలిచినది. అందువలన 2017లో బ్రిటిష్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ ఇట్టి పుస్తక సహాయమునే ముందుగా ఇయ్యవలెనని సూచించినది. ఈ చికిత్సలవలన శరీరపు బరువు ఎక్కువగా తగ్గదనియు, దానిని తగ్గించుట చికిత్స లక్ష్యము కాదనియు రోగికి మొదటనే తెలుపవలెనని ఆ సంస్థయే వ్రాసినది.