మంచు, మోకు, పరిహారము

హిమము కురియు సీమలు వేరు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో ఎంతటి చలికాలమునను నీరు గడ్డకట్టదు, దారులపై మంచుగడ్డలు పేరుకొనవు. అయినను మార్గశిర పుష్యమాసములందు తెల్లవారుజామున చెరువుల మీదను, కోతలైన వరిమడులందును, గోదావరి వైపు అడవిదారులందును పొగమంచు కమ్ముకొని, బారెడు ప్రొద్దెక్కువరకు ఎదుటి మనిషి కానరానంత దట్టమై, తాటిబోదెలను రైలుపట్టాలను తారురోడ్లను ఒక్కతీరుగా తడిపి, ఏటేట కొందరి కాళ్లను నడుములను, మరికొందరి ప్రాణములను బలిగొనుచున్నది. ఈ కీడును మన పెద్దలు చిరకాలము గ్రహచారమని సరిపెట్టుకొనిరి. గాయపడినవానికి బాధ్యుడొకడుండుననియు, ఆ బాధ్యతను రూపాయలలో లెక్కగట్టి రాబట్టవచ్చుననియు తెలిసివచ్చుటకు తరములు పట్టినవి; ఆ ఫలము అందరికి అందలేదు. అందనివారి కొరకే ఈ వ్యాసము.

ఈ సీమలో పొగమంచునకు తగిన కట్టుబాటును వెంట తెచ్చినది రైలు. నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే మార్గము జనగామ, కాజీపేట, మానుకోట (మహబూబాబాదు), డోర్నకల్లుల మీదుగా 1889 నాటికి బెజవాడను చేరెను. సిగ్నలు దీపము కానరాని ఉదయములందు, దానికి 270 మీటర్ల ముందుగా, పది మీటర్ల ఎడముతో రెండు డిటోనేటర్లను పట్టాపై బిగించుట రైల్వేవారి పద్ధతి. బండిచక్రము ఎక్కినంతనే అవి టపాకాయలవలె ప్రేలును. ఆ ప్రేలుడు విని డ్రైవరు సిగ్నలు చేరువైనదని గ్రహించును. వానిని బిగించుటకు చేతిలాంతరు పట్టుకొని మంచులో నిలుచువాడు చిన్న జీతపు నౌకరు. వేయిమంది ప్రయాణికులను కాచు ఆ నౌకరు తానే బండి క్రింద పడినచో వాని ఆలుబిడ్డల గతి యేమని అడుగుట మాత్రము చాల ఆలస్యముగా మొదలయ్యెను.

బ్రిటిషు ఇండియాలో 1855 నాటి చట్టము ప్రకారము, ఒకని మరణమునకు నష్టము కోరవలెనన్న ఎదుటివాని తప్పును రుజువు చేయవలసియుండెను. కూలివాని వితంతువు కంపెనీ తప్పును కోర్టులో రుజువుచేయుట యెట్లు? 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టము, 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చి, ఈ చిక్కును త్రెంచెను. యజమాని తప్పున్నను లేకున్నను, పని వలన, పని జరుగుచుండగా కలిగిన గాయమునకు అతడే చెల్లించవలెను. మరణమునకు ముప్పది నెలల కూలి, 2,500 రూపాయలకు మించకుండ. పూర్తిగా పనికిరాకుండ పోయిన పెద్దవానికి నలువది రెండు నెలల కూలి, 3,500 రూపాయలకు మించకుండ. బ్రతికియున్న అవిటివాని పోషణభారము చావుఖర్చుకంటె ఎక్కువయని ఆ చట్టము గుర్తించిన తీరు గౌరవింపదగినది. నిజాము రాజ్యము బ్రిటిషు ఇండియాలో చేరినది కానందున అది తనంత తానుగా ఇచ్చట చెల్లలేదు. విలీనానంతరమే మన కార్మికులు భారతీయ చట్టముల నీడకు వచ్చిరి.

ఆ నీడయు సంపూర్ణము కాదు. సౌరాష్ట్రమున ఉప్పుమడులలో పనిచేసి, వాగు దాటుటకు బల్లకట్టువారి పడవనెక్కిన కూలీలు, చెడుగాలికి, అధికభారమునకు పడవ తల్లక్రిందులై మునిగి చనిపోగా, 1958లో సుప్రీంకోర్టు వారి కుటుంబముల వాదమును త్రోసిపుచ్చెను; ఆ రేవు పని ఆవరణలోనిది కాదు, పడవ యజమానిది కాదు, కనుక ప్రమాదము పనిలో కలిగినది కాదని తీర్పు. పనికొరకే ఆ దారిన నడచినవారికి ఆ తీర్పు కఠోరమైనదని నా అభిప్రాయము. భూపాలపల్లి కాకతీయ ఖనులలో మొదటి షిఫ్టునకు మంచులో మోటారుసైకిలుపై బయలుదేరు సింగరేణి కార్మికునికి చిరకాలము ఈ మెలిక వర్తించెను: గనిలోపల దెబ్బ తగిలినచో దారి స్పష్టము, గేటుకు ఎంతో దూరముననే లారీ తగిలినచో వాదోపవాదములు.

రోడ్డుప్రమాదముల చరిత్ర కొంత మేలు. 1939 నాటి మోటారు వాహనముల చట్టమునకు 1956లో జరిగిన సవరణ వలన క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లు ఏర్పడెను. 1982లో, తప్పెవరిదైనను, మరణమునకు 15,000, శాశ్వత వైకల్యమునకు 7,500 రూపాయలు తక్షణము చెల్లింపవలెనను నియమము చేరెను. 2019 సవరణ అట్టి మొత్తమును మరణమునకు ఐదు లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు చేసెను. పత్తి ఏరు దినములలో వెనుకదీపము లేని ట్రాక్టరుట్రాలీ మంచులో రోడ్డంచున ఆగియుండుట, ఇసుకలారీయో బొగ్గులారీయో వేగము తగ్గింపక దానిని డీకొనుట ఈ సీమవారికి ఎరుకయే. పొగమంచు దైవకృత్యమని డ్రైవరు తప్పించుకొనజాలడు. కనుచూపు ఆనిన మేరలోపల బండిని ఆపగల వేగముననే పోవుట అతని ధర్మము. 2022 ఏప్రిలు 1 నుండి క్లెయిము ఆరు నెలలలో వేయవలెనను గడువు మరల వచ్చినది. ఏడాది మైల తీరువరకు కాగితముల జోలికి పోరాదని కూర్చుండు కుటుంబములు ఈ సంగతి తెలిసికొనవలెను.

ఇక తాటిచెట్ల మాట. ఖిలాషాపురమున కోట నిర్మించుకొని, మొగలు ఫౌజులనెదిరించి, 1708లో వరంగల్లును కొల్లగొట్టిన సర్వాయి పాపన్న కల్లుగీతవృత్తి కుటుంబమున జన్మించిన జనగామ సీమవాడే. ఆ వృత్తివాడు నేటికిని చీకటితో లేచి, నడుమునకు ముస్తాదు కట్టి, కత్తులు దోపి, కాళ్లకు గుజి తగిలించి, మోకును చెట్టు చుట్టు త్రిప్పి వెన్నును దానికానించి, అరికాళ్లతో బోదెను అదిమి, మోకును కొంచెము కొంచెముగా పైకెగజిమ్ముచు చెట్టెక్కును. అతనిని ఆకాశమున నిలుపునది త్రాటికిని బోదెకును, పాదమునకును బోదెకును నడుమ గల రాపిడి మాత్రమే. మంచు కురిసిన మరునాడు బోదె పైపెచ్చు నానును, మోకు తడిసి జారును, కొంకర్లు పోయిన వ్రేళ్లు పట్టు తప్పును. ఎండ వచ్చినపిమ్మట ఎక్కరాదా యందురు. ప్రొద్దెక్కిన కొలది లొట్టిలోని కల్లు పులియును. పూట తప్పిన గెల పారదు. ఈతకల్లుకైతే చలికాలమే కాలము. పడి చావు తప్పినవారు వెన్నుపూస చితికి, నడుము క్రింద స్పర్శ లేక, మంచమునకే అంకితమై యేండ్లు గడుపుట గీతకార్మికుల వాడలందు సాధారణదృశ్యము.

ఈ గీతగాడు చట్టమునకు తెలియనివాడు కాడు. 1923 చట్టపు రెండవ షెడ్యూలులో, కార్మికులని లెక్కింపదగిన వారి పట్టికలో, తాటిచెట్లను గీయువారి పని స్పష్టముగా పేర్కొనబడెను. కాని చట్టము కోరునది యజమానిని. అబ్కారీ వేలముల నాడు గుత్తేదారు చెట్లను పాడుకొని గీతగానితో పని చేయించెడివాడు. అతనిని యజమానిగా నిలబెట్టు అవకాశమైన ఉండెను. గుత్తేదారు దోపిడికి ఎదురు తిరిగి, బొమ్మగాని ధర్మభిక్షము వంటి నాయకుల వెంట ‘గీసేవానికే చెట్టు’ అని నినదించి, సహకార సంఘములను, చెట్లపై సొంత లైసెన్సులను సంపాదించుకొనిన నాటినుండి అతనికి యజమాని లేడు. ఆ విముక్తి న్యాయమైనది, అవసరమైనది. అయినను దానితోబాటు పరిహారమడుగుటకు ఎదుటిపక్షము కూడ మాయమైనది. స్వేచ్ఛ పొందిన కష్టజీవికి రక్షణ లేకుండ పోవుటను ఆనాటి శాసనకర్తలు పట్టించుకొనకుండుట పెద్ద లోపము.

ఆ లోటును పూరించుచున్నది ప్రభుత్వము ఉత్తర్వుతో ఇచ్చు ఎక్స్‌గ్రేషియా. తెలంగాణ రాష్ట్రమున చెట్టుపై నుండి పడి మరణించిన లేక శాశ్వతముగా అవిటివాడైన గీతకార్మికునికి ఐదు లక్షల రూపాయలు నిర్ణయింపబడినవి. సంఘసభ్యత్వమో లైసెన్సో ఉండవలెను, వైకల్యమునకు మెడికల్ బోర్డు ధ్రువపత్రము కావలెను. 2024 జూలై 14న అబ్దుల్లాపూర్‌మెట్ మండలము లష్కర్‌గూడలో ప్రభుత్వము కాటమయ్య రక్షాకవచములను పంచుట మొదలిడెను. కులదైవము పేర వచ్చిన ఆ త్రాళ్లు, కొక్కెములు జారినవానిని నడుమనే పట్టి నిలుపుటకు ఉద్దేశింపబడినవి. ప్రమాదానంతరపు ధనముకంటె ఇది వేయిరెట్లు మేలు.

అయినను ఉత్తర్వుతో వచ్చిన సహాయము వేరు, చట్టముతో వచ్చిన హక్కు వేరు. గనికార్మికుని పరిహారము నెల దాటి చెల్లింపకున్నచో వడ్డీ, తగు కారణము లేనిచో సగము వరకు జరిమానా చట్టము విధించును. ఎక్స్‌గ్రేషియా ఆలస్యమైనచో గీతకార్మికుని భార్య ఎక్సైజు కార్యాలయమునకు తిరుగుట తప్ప చేయగలది లేదు. కల్లుపై శతాబ్దములు పన్ను తీసికొనిన ప్రభుత్వమే ఈ వృత్తికి యజమాని స్థానమున నిలుచుట న్యాయము. కాబట్టి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి శాసనసభ్యులకు నా విన్నపము: ఆ ఐదు లక్షలను ఉత్తర్వునుండి చట్టములోనికి తెండు, చెల్లింపునకు గడువు, గడువు మీరిన వడ్డీ, మంచమునపడినవానికి నెలవారి భృతి అందులో వ్రాయుడు, రాబోవు చలికాలమునకు ముందే చెట్టెక్కు ప్రతివానికి కవచము చేర్పుడు.